ఇంజిన్ ఆయిల్ మీరే మార్చుకోండి, కానీ జాకీని నమ్మి కారు కిందికి వెళ్లకండి

ప్రశ్న: ఈమధ్యే ఒక చిన్న పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత యజమాని దగ్గర సర్వీస్ లెక్కలేవీ సరిగ్గా లేవు. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నల్లగా ఉంది. ఎలాగూ మార్చాలి కదా, ఆ పనేదో ఇంట్లో నేనే చేసుకుందామనుకుంటున్నాను. వీడియోల్లో చూస్తే అరగంట పనిలాగే ఉంది. నాన్నగారు మాత్రం "తెలియని పనిలో వేలు పెట్టి ఇంజిన్ పాడుచేయకు" అంటున్నారు. నల్లగా ఉంటే ఆయిల్ పాడైనట్టేనా? డబ్బాల మీద రకరకాల నంబర్లున్నాయి, ఏది కొనాలి? కారుతో పాటు వచ్చిన జాకీ సరిపోతుందా? తీసిన పాత ఆయిల్ ఏం చేయాలి? ఈ పని వచ్చాక బ్రేక్ ప్యాడ్లు కూడా నేనే మార్చుకోవచ్చా?

సమాధానం: నిక్షేపంగా మార్చుకోవచ్చు. కారుకు ఇంట్లో చేసుకోదగ్గ పనుల్లో ఇది చాలా పనికొచ్చేది, నేర్చుకోవడమూ తేలికే. అయితే మీ నాన్నగారి మాటను కొట్టిపారేయకండి. ఆయిల్ మార్చబోయి ఇంజిన్ పాడుచేసుకున్నవాళ్లు నిజంగానే ఉన్నారు. వాళ్లు చేసిన పొరపాట్లు చూస్తే మాత్రం అవే నాలుగైదు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఇంజిన్ బోల్టు అనుకుని గేర్‌బాక్స్ బోల్టు విప్పడం, బోల్టును బలమంతా పెట్టి బిగించడం, ఆయిల్ వడకట్టే పాత ఫిల్టర్ రబ్బరు ఇంజిన్‌కే అతుక్కుని ఉంటే చూడకుండా కొత్తది ఎక్కించడం, ఆయిల్ మరీ ఎక్కువ పోయడం, పోయకుండానే స్టార్ట్ చేయడం. వీటిలో ఒక్కటి కూడా నైపుణ్యం లేక జరిగేది కాదు. తొందరలో, అంచనా మీద పని చేస్తే జరుగుతాయి. ఇంజిన్ కంటే ముందు మీ ప్రాణానికి ముప్పు తెచ్చేది ఇంకొకటుంది, కారును ఎత్తి నిలబెట్టే పద్ధతి. దాని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

ముందు నలుపు సంగతి. ఇంజిన్‌లో ఇంధనం మండినప్పుడు మసి పుడుతుంది. ఆ మసి లోహపు భాగాల మీద పేరుకుపోకుండా తనలో కలుపుకుని మోయడానికే ఆయిల్‌లో శుభ్రపరిచే రసాయనాలు కలుపుతారు. కాబట్టి ఆయిల్ నల్లబడిందంటే అది తన పని తాను చేస్తోందని అర్థం. డీజిల్ ఇంజిన్‌లో అయితే కొత్త ఆయిల్ కూడా చాలా త్వరగా నల్లబడుతుంది. అందుకే రంగు చూసి "ఆయిల్ అయిపోయింది" అని ఎవరైనా అంటే నమ్మేయకండి. ఆయిల్ ఎప్పుడు మార్చాలో కారు మాన్యువల్‌లో రెండు లెక్కలుంటాయి. ఇన్ని కిలోమీటర్లు, లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది. కారు కదలకుండా షెడ్డులోనే ఉన్నా గడువు దాటితే మార్చాల్సిందే. ఎప్పుడూ దగ్గరి దూరాలకే తిరిగే కారుకూ, దుమ్ము రోడ్ల మీద తిరిగే కారుకూ, ట్రాఫిక్‌లో గంటలకొద్దీ నిలబడే కారుకూ చాలా మాన్యువల్‌లు ఇంకా తక్కువ గడువు చెబుతాయి. ఆ పేజీని చాలామంది చదవరు.

మీ విషయంలో ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. పాత సర్వీస్ వివరాలు లేవంటున్నారు కాబట్టి ఆయిల్, ఫిల్టర్ రెండూ ఇప్పుడే మార్చేసి, ఇవాళ్టి మీటర్ రీడింగ్ దగ్గర్నుంచి కొత్త లెక్క మొదలుపెట్టండి.

నలుపుకు భయపడక్కర్లేదు కానీ, డిప్‌స్టిక్ మీద చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారి చిక్కగా కనిపిస్తే అందులో నీళ్లో, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంటో కలుస్తున్నట్టు. చలి రోజుల్లో, దగ్గరి ప్రయాణాలు మాత్రమే చేసే కార్లలో ఆయిల్ పోసే మూత అడుగున కాస్త తెల్లటి నురగ కట్టడం మామూలే, అది లోపలి తేమ. కానీ డిప్‌స్టిక్ మీదే అలా ఉండి, కూలెంట్ మట్టం కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు పోయి ఉండొచ్చు. అప్పుడు ఆయిల్ మార్చి ఊరుకుంటే లాభం లేదు, కారును నేరుగా మెకానిక్‌కు చూపించాలి. ఆయిల్ ఘాటుగా పెట్రోల్ వాసన కొట్టినా, వేళ్ల మధ్య రుద్దితే లోహపు రజను తళుక్కున మెరిసినా అంతే. ఈ పరీక్ష ఆయిల్ దింపేటప్పుడు ఇంకోసారి చేయండి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు లోపలి ఆరోగ్యం గురించి ఇంత తేలికగా తెలిసే దారి ఇంకొకటి లేదు.

ఇక ఏ ఆయిల్ కొనాలన్నది. మాన్యువల్‌లో మీ ఇంజిన్‌కు రాసిన గ్రేడే కొనండి. షాపువాళ్లు చెప్పిందీ, పక్కింటివాళ్లు వాడేదీ కాదు. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉందనుకోండి. డబ్ల్యూ అంటే చలికాలం. దాని ముందున్న 5 ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది. ఈ అంకె ఎంత తక్కువైతే చలిలో అంత చురుగ్గా కదులుతుంది. వెనకున్న 30 ఇంజిన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్‌కు ఎక్కువ రక్షణ అనే నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. నేటి ఇంజిన్లలో ఆయిల్ పారే దారులు సన్నగా ఉంటాయి. వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు కూడా చాలా ఇంజిన్లలో ఆయిల్ ప్రెషర్ మీదే నడుస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యమైతే అరుగుదల అక్కడే మొదలవుతుంది. కాబట్టి మాన్యువల్ 5డబ్ల్యూ-30 అంటే 20డబ్ల్యూ-50 పోసి మేలు చేశాననుకోకండి.

రెండో గుర్తు నాణ్యతా ప్రమాణం. పెట్రోల్ ఇంజిన్లకు ఏపీఐ, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి గ్రేడ్లు ఎస్ అక్షరంతో మొదలవుతాయి. ఎస్ఎన్ 2010లో వచ్చింది, ఎస్పీ 2020లో వచ్చింది. మాన్యువల్‌లో ఎస్ఎన్ అని ఉంటే ఎస్పీ నిశ్చింతగా వాడొచ్చు, ఎందుకంటే కొత్త గ్రేడ్ పాతదాని అవసరాలను తీరుస్తుంది. వెనక్కి మాత్రం వెళ్లకూడదు. డీజిల్ కారు అయితే లెక్క వేరు. పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్ ఉన్న కార్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి, లేకపోతే ఆ ఫిల్టర్ త్వరగా పూడిపోతుంది. బైక్ ఆయిల్ మిగిలింది కదా అని కారులో పోయకండి. చాలా బైకుల్లో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి దాని తయారీయే వేరు. బ్రాండ్ గురించి మాత్రం టెన్షన్ పడకండి. గ్రేడ్, ప్రమాణం సరిపోయి, నమ్మకమైన చోట కొన్న సీలు తీయని డబ్బా అయితే చాలు.

ఎంత కొనాలో కూడా మాన్యువల్ చెబుతుంది. సాధారణంగా ఫిల్టర్ మారిస్తే ఇంత, మార్చకపోతే ఇంత అని రెండు అంకెలుంటాయి. మీకు కావాల్సింది మొదటిది. చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి 3 నుంచి 4 లీటర్లు పడుతుంది. ఆయిల్‌తో పాటు మీ మోడల్‌కు, తయారైన సంవత్సరానికి సరిపోయే ఫిల్టర్, ఆయిల్ కిందికి దింపే డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ తీసుకోండి. సరైన సైజు సాకెట్ లేదా రింగ్ స్పానర్, వెడల్పాటి ట్రే, గరాటు, నైట్రైల్ గ్లౌజులు, పాత గుడ్డలు. ఫిల్టర్ విప్పడానికి రెంచ్ కూడా ఉంటే మంచిది. ట్రేలో మీ ఇంజిన్ ఆయిల్ అంతా పట్టి ఇంకా ఒక లీటరు ఖాళీ ఉండాలి.

ఇప్పుడు జాకీ. కారుతో వచ్చే జాకీ రోడ్డు మీద టైరు మార్చుకోవడానికి మాత్రమే. దాని మీద నిలిపిన కారు కిందికి తల కాదు, చెయ్యి కూడా పెట్టకూడదు. పెద్ద హైడ్రాలిక్ ట్రాలీ జాకీ అయినా ఎత్తడానికే పనికొస్తుంది, మోస్తూ ఉండడానికి కాదు. లోపలి సీలు ఒకటి పోతే అది ఉన్నట్టుండి దిగిపోతుంది. కారు కిందికి వెళ్లాలంటే బరువు జాకీ స్టాండ్ల మీద, అంటే ఎత్తిన కారును మోసి నిలిపే ఇనుప కాళ్ల మీద ఉండాలి. స్టాండ్లు లేకపోతే ఆ రోజు పని లేదు, అంతే. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, చెక్క ముక్కలు పేర్చి పని కానిచ్చే వీడియోలు చూసే ఉంటారు. సిమెంటు దిమ్మె పగిలేముందు వంగదు, చిన్న హెచ్చరిక కూడా ఇవ్వదు. టన్ను బరువు ఛాతీ మీద పడితే మనిషికి ఊపిరి తీసుకునే అవకాశం కూడా ఉండదు.

కారును గట్టి, సమతలమైన నేల మీద పెట్టండి. మట్టి మీద వద్దు, స్టాండ్ కాలు దిగబడిపోతుంది. హ్యాండ్ బ్రేక్ వేయండి. మాన్యువల్ గేరు అయితే మొదటి గేరులో, ఆటోమేటిక్ అయితే పార్కింగ్‌లో ఉంచండి. ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ఎక్కువ చిన్న కార్లలో ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలను. ఆ ముందు భాగాన్నే మీరు గాల్లోకి ఎత్తుతున్నారు. చక్రాలు నేల వదిలాక గేరులో ఉంచడం వల్ల ఒరిగేదేమీ లేదు. కారు వెనక్కో ముందుకో జరగకుండా ఆపేవి హ్యాండ్ బ్రేక్, వెనక చక్రాలకు మీరు పెట్టే అడ్డు చెక్కలు మాత్రమే. అందుకే వెనక రెండు చక్రాలకూ, ముందూ వెనకా, చెక్కలు గట్టిగా పెట్టాలి. జాకీని, స్టాండ్లను ఎక్కడ ఆనించాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. ఆ చోట్ల రేకు మందంగా ఉంటుంది, ఇంకెక్కడ పెట్టినా లోపలికి నొక్కుకుపోతుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ కింద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ జాకీ పెట్టకండి. రెండు స్టాండ్లూ పెట్టి, జాకీ మెల్లగా దించి, బరువంతా వాటి మీదికి వచ్చాక కారును పక్కనుంచి గట్టిగా ఊపి చూడండి. కదిలేదేదో మీరు బయట ఉండగానే కదలాలి. ఇదంతా అయ్యాక కూడా ఇంట్లో ఒకరికి చెప్పి, వాళ్లు మీ కేక వినిపించేంత దూరంలో ఉండగా పని మొదలుపెట్టండి. మీ నాన్నగారినే పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి, ఆయన బెంగా తీరుతుంది.

జాకీ గోల వద్దనుకుంటే ర్యాంపులు, అంటే చక్రాలు ఎక్కించే ఏటవాలు దిమ్మెలు ఉన్నాయి. కారును వాటి మీదికి నడిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు చెక్కలు పెట్టుకోవచ్చు. ఎక్కించేటప్పుడు బయట నిలబడి దారి చూపే మనిషి తప్పనిసరి. ఇంకో పద్ధతిలో డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నటి పైపు దించి పంపుతో ఆయిల్ లాగేస్తారు. ఫిల్టర్ పైనుంచే అందే కార్లకు ఇది చాలా హాయి, కారు కిందికి వెళ్లే పనే లేదు. అన్ని ఇంజిన్లలో పైపు అడుగుదాకా చేరదు కాబట్టి మీ కారుకు కుదురుతుందో లేదో ముందే చూసుకోండి.

కారు ఎత్తకముందే ఇంజిన్‌ను ఓ ఐదు నిమిషాలు నడిపి ఆపేయండి. గోరువెచ్చటి ఆయిల్ తేలికగా పారి, అడుగున పేరుకున్న మడ్డిని తనతో తీసుకొస్తుంది. దూరప్రయాణం చేసొచ్చిన వెంటనే మాత్రం విప్పకండి. ఆ వేడికి చెయ్యి బొబ్బలెక్కుతుంది, పక్కనే ఉన్న పొగ గొట్టం ఇంకా వేడిగా ఉంటుంది. బానెట్ ఎత్తి ఆయిల్ పోసే మూత వదులు చేసి పెట్టండి, గాలి ఆడితే కిందికి సాఫీగా దిగుతుంది. కారు తాళం చెవి తీసుకెళ్లి కొత్త ఆయిల్ డబ్బా మూత మీద పెట్టండి. ఇంట్లో ఎవరైనా కారు స్టార్ట్ చేయాలని వస్తే ముందు ఆ డబ్బా కంటపడాలి.

కిందికి వెళ్లాక మొదటి పని డ్రెయిన్ బోల్టును గుర్తుపట్టడం. కొన్ని కార్లకు కింద ప్లాస్టిక్ కవర్ ఉంటుంది, దాని క్లిప్పులు విప్పాలి. ఇంజిన్‌కు అడుగున పళ్లెంలా ఉండేది సంప్, కొందరు చాంబర్ అంటారు. బోల్టు దాని అడుగునో పక్కనో ఉంటుంది. గేర్‌బాక్స్ కూడా ఆ పక్కనే ఉంటుంది, దానికీ అచ్చం అలాంటి బోల్టే ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని విప్పేసి, గేర్ ఆయిల్ అంతా కింద పోసి, పైనుంచి ఇంజిన్‌లో ఇంకో 3 లీటర్లు నింపేస్తారు. అప్పుడు గేర్‌బాక్స్ ఎండిపోతుంది, ఇంజిన్‌లో ఆయిల్ పొంగిపోతుంది. ఒకే దెబ్బకు రెండూ. కాబట్టి మాన్యువల్ బొమ్మతో పోల్చి చూసుకోండి. అనుమానం ఉంటే, ఆయిల్ దిగాక పైకి వచ్చి డిప్‌స్టిక్ తీసి చూడండి. దాని మీద మట్టం ఎప్పటిలాగే ఉందంటే మీరు దింపింది వేరేది. అక్కడే ఆగిపోండి, స్టార్ట్ చేయకండి. సరైన ఆయిల్ నింపుకుంటే ఏ నష్టమూ జరగదు.

బోల్టును స్పానర్‌తో వదులు చేశాక మిగతాది వేళ్లతో విప్పండి. విప్పుతున్నంతసేపూ దాన్ని పైకి ఒత్తిపట్టుకోవాలి. చివరి మర కూడా వదిలిందని తెలియగానే చటుక్కున పక్కకు లాగేయండి. అలా చేస్తే ఆయిల్ చేతి మీదుగా మోచేతిదాకా కారదు, బోల్టు ట్రేలో పడదు. మొదటి ధార నేరుగా కిందికి పడదు, విల్లులా వంగి ముందుకు దూకుతుంది. ట్రేను ఆ లెక్కన కాస్త దూరంగా పెట్టి, జోరు తగ్గేకొద్దీ దగ్గరికి లాక్కోండి. ధార చుక్కలుగా మారేదాకా పది పదిహేను నిమిషాలు వదిలేయండి. ఈలోగా ఒక పాత గుడ్డ మీద రెండు చుక్కలు వేసి, పైన చెప్పిన పరీక్ష చేసుకోవచ్చు.

బోల్టు తిరిగి ఎక్కించేటప్పుడే ఎక్కువ ఇంజిన్లు దెబ్బతింటాయి. చాలా కార్లలో సంప్ అల్యూమినియంది, బోల్టు ఉక్కుది. బలం పెడితే అరిగేది సంప్ మరలే. పాత వాషర్ తీసేసి కొత్తది వేయండి. ఆ వాషర్ మెత్తటి లోహంతో చేసింది, బిగించినప్పుడు కొంచెం నలిగి సందు మూసేస్తుంది. ఒకసారి నలిగినదాన్ని మళ్లీ వాడితే కారుతుంది, కారుతోందని ఇంకా బిగిస్తారు, అప్పుడు థ్రెడ్ స్లిప్ అవుతుంది. మొదటి చుట్లన్నీ వేళ్లతోనే తిప్పాలి. వేళ్లతో తిప్పుతుంటే వెన్నలా వెళ్లాలి. ఎక్కడైనా గరగరలాడుతూ పట్టేస్తే మరలు అడ్డంగా కూర్చున్నాయని అర్థం, వెనక్కి విప్పి మళ్లీ మొదలుపెట్టండి. ఆ తర్వాత స్పానర్‌తో గట్టిగా, కానీ ఒక్క చేతి మణికట్టు బలంతో మాత్రమే బిగించండి. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్ ఎక్కడైనా దొరికితే ఇంకా మంచిది. చాలా చిన్న కార్లకు ఈ బిగింపు 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారు అంకె మాన్యువల్‌లోనో సర్వీస్ పుస్తకంలోనో చూసుకోండి.

ఫిల్టర్ విప్పేటప్పుడు ట్రేను దాని కిందికి జరపండి, అందులోనూ కాస్త ఆయిల్ ఉంటుంది. విప్పగానే పాత ఫిల్టర్‌ను తిప్పి దాని నోటి దగ్గర నల్లటి రబ్బరు చుట్టు ఉందో లేదో చూడండి. లేదంటే అది ఇంజిన్‌కే అతుక్కుని ఉంది. దాని మీదే కొత్త ఫిల్టర్ ఎక్కిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి నిలవవు. ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే ప్రెషర్‌కు జారిపోయి ఆయిల్ అంతా రోడ్డు మీదికి చిమ్ముతుంది. ఫిల్టర్ కూర్చునే చోటును గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడిమి మరీ నిర్ధారించుకోండి. కొత్త ఫిల్టర్ రబ్బరుకు కొంచెం కొత్త ఆయిల్ రాసి, రబ్బరు తగిలేదాకా చేత్తో తిప్పి, ఆపైన ఇంకో ముప్పావు చుట్టు బిగించండి. చాలా ఫిల్టర్ల మీదే ఈ లెక్క అచ్చువేసి ఉంటుంది. రెంచ్ విప్పడానికే, బిగించడానికి చెయ్యి చాలు. కాగితపు ఫిల్టర్ ఒక మూత లోపల కూర్చునే రకమైతే, దాంతో వచ్చిన కొత్త ఓ-రింగులు, అంటే రబ్బరు చుట్లన్నీ మార్చి, మూత మీద రాసిన టార్క్‌కే బిగించాలి.

ఆయిల్ పోసేటప్పుడు మాన్యువల్ చెప్పినదానికి అర లీటరు తక్కువ పోసి ఆగండి. మూత పెట్టి, మాన్యువల్ గేరు అయితే న్యూట్రల్‌లోకి తెచ్చి స్టార్ట్ చేయండి. ఎక్సలరేటర్ తొక్కకండి. ఎర్రటి ఆయిల్ లైటు రెండు మూడు సెకన్లు ఎక్కువ వెలిగినా కంగారు లేదు, ఖాళీ ఫిల్టర్ నిండుతోంది. అలా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయాలి. లైటు ఆరాక ఓ నిమిషం నడవనిచ్చి ఆపి, కిందికి చేరకుండా పక్కనుంచే టార్చి వేసి బోల్టు, ఫిల్టర్ దగ్గర తడి ఉందేమో చూడండి. ఏమీ లేకపోతే కారును స్టాండ్ల మీంచి దించి, సమతలంగా నిలిపి, ఐదు పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచి చూడండి. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య దాదాపు ఒక లీటరు తేడా ఉంటుంది. కొంచెం కొంచెం పోస్తూ పై గీతకు కాస్త కింద ఆపేయండి. ఇంకొంచెం ఉంటే మంచిదేగా అని గీత దాటించకండి. మట్టం మరీ పెరిగితే ఇంజిన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను కొట్టి నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది, గాలి బేరింగులను కాపాడలేదు. ఎక్కువైతే అదే బోల్టు కాస్త వదులు చేసి తీసేయాలి.

కొత్త ఆయిల్‌తో పాటు ఇంజిన్ ఫ్లష్ అనో, అరుగుదల తగ్గించే మందు అనో ఏదైనా కలపమంటే వద్దనండి. సరైన గ్రేడ్ ఆయిల్‌లో కావాల్సినవన్నీ కలిపే ఉంటాయి.

పాత ఆయిల్ గురించి అడిగినందుకు చాలా సంతోషం, చాలామంది అడగరు. దాన్ని కాలువలో పోయడం, మట్టిలో పారబోయడం, చెక్కలకు పూయడం, కలుపు మొక్కల మీద చల్లడం ఏదీ చేయకండి. ఒక్క కారులోంచి తీసిన వాడిన ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని, అంటే దాదాపు 38 లక్షల లీటర్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. వాడిన ఆయిల్ పదే పదే చర్మానికి తగలడం కూడా మంచిది కాదు, గ్లౌజులు అందుకే. చల్లారాక, కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే గరాటుతో పోసి మూత బిగించి, పైన "వాడిన ఆయిల్" అని రాయండి. అందులో కూలెంట్, బ్రేక్ ఆయిల్, పెట్రోల్, నీళ్లు కలపకండి, కలిస్తే దాన్ని శుద్ధి చేయడానికి ఎవరూ తీసుకోరు. ఫిల్టర్‌ను ఒక రాత్రంతా ట్రే మీద బోర్లించి ఉంచితే అందులో మిగిలినదీ కారిపోతుంది. ఆ డబ్బానూ ఫిల్టర్‌నూ వాడిన ఆయిల్ తీసుకునే గ్యారేజీకో, సేకరణ కేంద్రానికో ఇవ్వండి. ఎవరు తీసుకుంటారో ఆయిల్ కొనే రోజే కనుక్కుంటే డబ్బా నెలల తరబడి ఇంట్లో పడుండదు. వాడిన ఆయిల్‌ను శుద్ధి చేసి మళ్లీ ఆయిల్‌గా తయారుచేయొచ్చు.

మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం మరోసారి చూడండి. కారు నిలిపిన చోట ఒక అట్టముక్క పరిచి ఉంచితే చిన్న కారుడైనా కనిపిస్తుంది. వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూస్తే చాలు. తేదీ, మీటర్ రీడింగ్, ఆయిల్ గ్రేడ్, ఫిల్టర్ నంబరు ఒక పుస్తకంలో రాసి, కొన్న బిల్లులు అందులోనే దాచండి. కారుకు వారంటీ ఇంకా మిగిలి ఉంటే, ఇంట్లో చేసుకున్న సర్వీస్ దానికి చెల్లుతుందో లేదో షరతులు చదివాకే బోల్టు విప్పండి. డ్యాష్‌బోర్డులో సర్వీస్ గుర్తు చేసే లైటు ఉంటే దాన్ని రీసెట్ చేయడం మరవకండి.

ఇక బ్రేక్ ప్యాడ్లు. అది నేర్చుకోలేని పని కాదు, కానీ ఇప్పుడే ఒంటరిగా చేయకండి. ఆయిల్ పనిలో పొరపాటు చేస్తే సాధారణంగా లైటు వెలుగుతుంది, చుక్క కారుతుంది, సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. బ్రేకుల్లో చేసిన పొరపాటు మీరు బ్రేక్ తొక్కినప్పుడే తెలియొచ్చు. ముందు ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్, ఏసీ క్యాబిన్ ఫిల్టర్, వైపర్ బ్లేడ్లు మార్చడం అలవాటు చేసుకోండి. వీటికి కారు ఎత్తాల్సిన పనే లేదు. ఆ తర్వాత తెలిసిన మెకానిక్ పక్కన కూర్చుని ఒకసారి నాలుగు చక్రాల బ్రేకులూ మార్చడం చూడండి. రెండోసారి ఆయన చూస్తుండగా మీరు మార్చండి.